17 కిలోల పచ్చిమేత తిని కూడా కడుపు నిండని ఆవులు: ఒక హైడ్రోపోనిక్ మేత కేసు

"మొలకమేత మూడింతలు చేశాం డాక్టర్‌గారూ. దాణా తగ్గించిన మాట నిజమే. కానీ గాడి నిండా పచ్చగా ఉంటోంది, ఆవులు ఒక్క పోచ వదలకుండా తింటున్నాయి. మరి పాలెందుకు పడిపోతున్నట్టు?"

ఫోన్‌లో ఆ రైతు అడిగిన ప్రశ్న ఇది. హైడ్రోపోనిక్ మేత (మట్టి లేకుండా, నీళ్లు చల్లి ట్రేల్లో పెంచే మొలకమేత) పెంచేవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఇదే అడుగుతారు. జవాబు సగం ఆ ప్రశ్నలోనే ఉంది, కానీ ఫోన్‌లో చెబితే ఎవరూ నమ్మరు. తూకం వేసి చూపించాలి. మర్నాడు ఉదయం పాలు పితికే వేళకి, ఒక చిన్న త్రాసు సంచిలో పడేసుకుని వెళ్లాను.

షెడ్డులో చూసింది

పాలిచ్చే సంకరజాతి ఆవులు 8. ఒక్కొక్కటి సుమారు 400 కిలోలు ఉంటుంది. ఇవి కాక రెండు వట్టిపోయిన ఆవులు, మూడు పెయ్యలు. మేత పెంచే గది పశువుల కొట్టానికి ఆనుకునే ఉంది. షేడ్ నెట్ కప్పి, లోపల పైపులతో అరలు కట్టి, వాటిలో 112 ప్లాస్టిక్ ట్రేలు అమర్చారు. ఒక్కో ట్రే రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు. టైమర్‌కి కట్టిన స్ప్రింక్లర్లు రెండు గంటలకోసారి, రాత్రిపూట కూడా, నీళ్లు చిమ్ముతాయి. మొక్కజొన్న గింజ ఒక రోజు నానబెట్టి ట్రేలో పోస్తే ఏడు రోజులకు మేత చేతికొస్తుంది. రోజుకు 16 ట్రేలు దించడం, 16 ట్రేలు నింపడం. ఈ పనంతా ఆయన భార్యది. ఆవిడ ఒక నోటు పుస్తకంలో రోజువారీ పాలు, పోసిన గింజ రాసి పెట్టారు. ఆ పుస్తకం లేకపోతే ఈ కేసు నాకు ఇంత తొందరగా తేలేది కాదు.

పుస్తకం ప్రకారం, మొదట్లో తలా 6 కిలోల మొలకమేత ఇచ్చేవాళ్లు. దానికి తోడు 5 కిలోల దాణా, 6 కిలోల ఎండుగడ్డి, 8 కిలోల నేపియర్ గడ్డి. అప్పుడు 8 ఆవులూ కలిపి రోజుకు 92 లీటర్లు. మేత వేసినప్పటి నుంచి ఆవుల వెంట్రుక మెరుస్తోందని, ఎండుగడ్డి కూడా ఇష్టంగా తింటున్నాయని ఇద్దరికీ సంతోషం. ఇంత మంచిదైతే ఇంకా ఎక్కువ పెడితే ఏం పోతుంది అనుకున్నారు. ట్రేలు పెంచారు. మొలకమేత తలా 17 కిలోలకు వెళ్లింది. పొట్ట నిండుతోంది కదా అని దాణా 2 కిలోలకు, ఎండుగడ్డి 4 కిలోలకు దించేశారు. నేపియర్ మడికి నీళ్లు పెట్టడం మానేశారు, అది ఎండిపోయింది.

ఐదు వారాల్లో పాలు 74 లీటర్లకు దిగాయి.

ఆవుల్ని చూస్తే జ్వరం లేదు, పొదుగువాపు లేదు. పొదుగు పరీక్ష ఎనిమిదింటికీ చేశాను, శుభ్రంగానే ఉంది. పేడ మాత్రం పల్చగా, కుప్పగా నిలబడకుండా పరుచుకుంటోంది. పడుకున్న ఆవుల్లో నెమరు వేస్తున్నవి రెండే. నడుము దగ్గర ఎముకలు అప్పుడే బయటపడుతున్నాయి. పాల కేంద్రం చీటీల్లో వెన్న శాతం పెద్దగా మారలేదు గానీ ఎస్ఎన్ఎఫ్ (పాలలో ప్రొటీన్ లాంటి, వెన్న కాని ఘనపదార్థాలు) దిగింది. నాకు అనుమానం గట్టిపడింది అక్కడే. వెన్న అలాగే ఉండి ఎస్ఎన్ఎఫ్, పాలు, ఒళ్లు మూడూ కలిసి తగ్గుతుంటే ముందుగా చూడాల్సింది రోగాన్ని కాదు, గాడిని.

త్రాసు దగ్గర

ఆ రోజు కోతకొచ్చిన ట్రేని ఒకదాన్ని తీసి, నీళ్లు కారిపోయేదాకా ఏటవాలుగా నిలబెట్టి తూచాం. 8.4 కిలోలు. పోసిన గింజ కిలోన్నర. అంటే కిలోకి 5.6 కిలోలు. ఇది మంచి దిగుబడే. కిలో గింజకి 5 నుంచి 8 కిలోల దాకా రావడం మామూలు.

"చూశారా, కిలోన్నర గింజ ఎనిమిదిన్నర కిలోలైంది" అన్నాడాయన.

అందులోంచి వేళ్లు, గింజలు, ఆకులు అన్నీ కలిసేలా ఒక కిలో కోసి తీసుకెళ్లాను. సన్నగా తరిగి, ఓవెన్‌లో బరువు ఇక తగ్గదు అనేదాకా ఎండబెట్టాను. మిగిలింది 138 గ్రాములు. కిలోలో తక్కిన 862 గ్రాములూ నీళ్లే.

ఇప్పుడు ట్రే లెక్క మళ్లీ వేద్దాం. కిలోన్నర మొక్కజొన్నలో తేమ తీసేస్తే పొడి పదార్థం దాదాపు 1.32 కిలోలు. 8.4 కిలోల మేతలో పొడి పదార్థం 1.16 కిలోలు. ఏడు రోజులు నీళ్లు పోసి, ట్రేలు కడిగి, కరెంటు ఖర్చు పెట్టాక చేతిలో ఉన్న మేత పెరగలేదు, 12 శాతం తగ్గింది. అదెటు పోయిందంటారా? మొలక ఊపిరి పీల్చుకోవడానికి గింజలోని పిండిని కరిగించుకుంటుంది, అది కార్బన్ డయాక్సైడై గాల్లో కలుస్తుంది. ఆకు పచ్చబడి వెలుతురుతో సొంతంగా తిండి తయారు చేసుకోవడం మొదలుపెట్టేసరికే మనం కోసేస్తాం. ఈ నష్టం అన్ని పద్ధతుల్లోనూ ఉంటుంది. కొన్నిచోట్ల 5 శాతం, కొన్నిచోట్ల 20 దాటుతుంది. ఇంకో మూడు రోజులుంచితే బరువు పెరుగుతుంది కదా అని ఆయన అడిగాడు. పెరుగుతుంది, నీళ్ల బరువు. పిండి ఇంకా కరుగుతుంది, బూజుకి ఇంకో మూడు రోజులు అవకాశం దొరుకుతుంది. ఏడు, మహా అయితే ఎనిమిది రోజులు, అంతే.

ఆయన నోటు పుస్తకం చివరి పేజీలో నేను రాసిచ్చిన లెక్క ఇది. మార్చకముందు ఒక ఆవుకి రోజుకు పడిన మేత తడి తూకంలో 25 కిలోలు (దాణా 5, ఎండుగడ్డి 6, నేపియర్ 8, మొలకమేత 6). మార్చాక 23 కిలోలు (దాణా 2, ఎండుగడ్డి 4, మొలకమేత 17). గంపతో ఎత్తిపోసేవాళ్లకి ఈ రెండు కిలోల తేడా తెలియనే తెలియదు. పైగా గాడి మునుపటికంటే పచ్చగా కనిపిస్తుంది. పొడి పదార్థంలో చూస్తే మొదటిది 12.3 కిలోలు, రెండోది 7.75 కిలోలు. 400 కిలోల పాడి ఆవుకి ఒంటి బరువులో 3 శాతం, అంటే 12 కిలోల దాకా పొడి పదార్థం పడాలి. మూడో వంతుకు పైగా కోత పడింది.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఈ మేతలో ప్రొటీన్ ఎక్కువంటారు కదా?" అని అడిగాడు.

అదీ నిజమే, అయితే ఆ శాతం పెరిగే తీరు వేరు. మొక్కజొన్న గింజ పొడి పదార్థం 100 గ్రాములు తీసుకుంటే అందులో ప్రొటీన్ 9 గ్రాములు. మొలకెత్తేటప్పుడు 12 గ్రాముల పిండి కరిగిపోయిందనుకుందాం. 88 గ్రాములు మిగిలాయి, ప్రొటీన్ మాత్రం అదే 9 గ్రాములు. శాతం కట్టి చూడండి, 10.2 అవుతుంది. కాగితం మీద ప్రొటీన్ పెరిగింది. గాడిలో ఒక్క గ్రాము కూడా పెరగలేదు. వట్టి నీళ్లలో పెరిగే మొలకకి కొత్త నత్రజని ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇక్కడ ఆవుకి తగ్గించిన 3 కిలోల దాణాలో (బస్తా మీద 20 శాతం అని ఉంది) ప్రొటీన్ 600 గ్రాములు. 17 కిలోల మొలకమేత మొత్తంలో వచ్చింది 240 గ్రాములు. ఎస్ఎన్ఎఫ్ దిగకుండా ఎలా ఉంటుంది.

ఇంతా చదివి హైడ్రోపోనిక్ మేత పనికిరాదని నేనంటున్నాననుకోకండి. మొలకెత్తినప్పుడు గింజలో మంచి మార్పులు చాలా జరుగుతాయి. ఫైటిక్ ఆమ్లం తగ్గి, దాంతో కట్టుబడి ఉన్న భాస్వరం, జింక్ లాంటివి విడుదలవుతాయి. కోళ్లు, పందుల లాంటి ఒకే పొట్ట జీవులకి ఈ లాభం ఎక్కువ, ఆవుకి మొదటి పొట్టలోని సూక్ష్మజీవులే ఆ పని చేసి పెడతాయి. బీటా కెరోటిన్, విటమిన్ ఇ పెరుగుతాయి. పచ్చిగడ్డి ఏడాది పొడవునా మొహం చూడని పశువుకి ఈ రెండూ చిన్న విషయాలు కావు. పైగా రుచి. మొలకమేత చిదిమి కలిపితే పక్కన పెట్టేసే ఎండుగడ్డి కూడా లోపలికి పోతుంది. మొదట్లో తలా 6 కిలోలు వేసినప్పుడు వీళ్లు చూసిన లాభం భ్రమ కాదు, అది మందులా పనిచేసే మోతాదు. మూడింతలు చేసి దాన్నే అన్నంగా పెట్టారు, అక్కడ తేడా కొట్టింది.

ట్రే అడుగున

పొడి పదార్థం లెక్కతో పాలు తగ్గిన సంగతి తేలింది. పేడ పల్చబడటంలో కొంత పాపం ఎండుగడ్డి కోతది, కొంత ఇంకోదాని మీద ఉంది.

బాగా పెరిగిన ట్రేని ఎత్తితే వేళ్లు అల్లుకుని తెల్లటి చాపలా మొత్తం ఒకేసారి లేస్తుంది. వీళ్ల ట్రే కూడా లేచింది. తిరగేసి చూస్తే మధ్యలో అరచేతి మేర గోధుమరంగు మచ్చ. అక్కడి గింజని వేలితో నొక్కితే మెత్తగా జిగురుగా సాగింది, పులిసిన పిండి వాసన కొట్టింది. పక్కన బూడిదరంగు నూగు, సాలెగూడులా గింజ నుంచి గింజకు పాకి ఉంది. థర్మామీటర్ గుచ్చితే గదిలో 33 డిగ్రీలున్నప్పుడు చాప లోపల 37 చూపించింది. మొలకలు ఊపిరి పీలుస్తూ పుట్టించే వేడి అది. గింజ మందంగా పోసినకొద్దీ ఆ వేడి బయటికి పోదు.

ఇక్కడ కొత్తవాళ్లకి ఒక మాట చెప్పాలి. రెండో రోజో మూడో రోజో వేరు చుట్టూ తెల్లటి నూగు కనిపిస్తే బూజని భయపడి ట్రే పారేస్తుంటారు. అవి వేరు వెంట్రుకలు. ప్రతి వేరు చుట్టూ ఒకేలా ఉంటాయి, నీళ్లు చల్లితే అణిగి కనిపించకుండా పోతాయి. బూజు అలా కాదు. ఒకచోట మొదలై పక్కకు పాకుతుంది, చల్లినా అక్కడే ఉంటుంది, రెండు రోజుల్లో నల్లగానో పచ్చగానో రంగు తిరుగుతుంది. అనుమానం వస్తే ముక్కే మంచి పరికరం.

"బూజు పట్టిన ట్రేలు ఏం చేస్తున్నారమ్మా?" అని ఆవిడని అడిగాను.

"పాలిచ్చేవాటికి అస్సలు వెయ్యనండీ. పెయ్యలకి, వట్టిపోయినవాటికి వేసేస్తా. పారేయడానికి మనసొప్పదు కదా."

ఈ జవాబు నాకు కొత్త కాదు. చాలా షెడ్లలో ఇంతే. కానీ ఆ వట్టిపోయిన రెండూ ఎనిమిదో నెల చూడివి. బూజుల్లో కొన్ని ఈసుకుపోవడానికి (చూడి పడిపోవడానికి) కారణమవుతాయి. మొలకెత్తిన గింజ మీద వచ్చే ఆస్పర్జిల్లస్ క్లావేటస్ అనే బూజు మరీ ప్రమాదం. దాని విషం నరాల మీద పనిచేస్తుంది. పశువు వణుకుతుంది, వెనక కాళ్లు బిగుసుకుని తడబడతాయి, తరిమితే కూలబడుతుంది. దానికి విరుగుడు మందు లేదు. ఆస్పర్జిల్లస్‌లోనే ఇంకో రకం అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టిస్తే అది పాలలోకి కూడా దిగుతుంది. నేను పెయ్యల్ని, వట్టి ఆవుల్ని కొట్టం బయట కాసేపు వడిగా నడిపించి చూశాను. వణుకు లేదు, తడబాటు లేదు. ఒక పెయ్య మాత్రం రెండు రోజులుగా సరిగా తినడం లేదు, పారుకుంటోంది. ఆ రోజే బూజు మేత ఆపించాను. నాలుగో రోజుకి కుదుటపడింది. బూజే కారణమని ప్రయోగశాల రుజువు నా దగ్గర లేదు. ఆపాక తగ్గింది, అంతవరకే చెప్పగలను.

బూజు మూలం వెతికితే గింజ దగ్గర తేలింది. ఆ సంచిలోంచి 100 గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి పెట్టమన్నాను. మొలకెత్తినవి 71. తక్కిన 29 గింజలూ ట్రేలో చచ్చి, నాని, కుళ్లి, బూజుకి తొలి ఇల్లవుతాయి. అది దాణాకని కొన్న గింజ, విరిగినవి చాలా ఉన్నాయి. 85కి తక్కువ మొలిచే గింజని ట్రేలో పోయడం దండగ. దాన్ని మరపట్టించి దాణాలో కలుపుకోవడం నయం.

మంచి మొలక శాతం కోసం అమ్మేవాడు వీళ్లకి ఒక సలహా కూడా ఇచ్చాడట, మిగిలిపోయిన విత్తనాల సంచులు తక్కువలో ఇస్తాను తీసుకోండని. ఆయన తీసుకోలేదు, అదృష్టం. విత్తడానికి అమ్మే విత్తనానికి శిలీంధ్ర నాశిని, పురుగుమందు పట్టించి, గుర్తు కోసం రంగు వేస్తారు. కడిగితే రంగు పోతుందేమో, మందు పోదు. అది పశువుకి వెయ్యకూడదు, ఏ రూపంలోనూ. అలాగే మొక్కజొన్న దొరకనప్పుడు జొన్న పోద్దామా అని అడుగుతుంటారు. లేత జొన్నలో సైనైడ్ విషం ఉంటుంది, కాబట్టి వద్దు. బార్లీ, గోధుమ, ఓట్స్ పరవాలేదు.

మార్చినవి

మేత ముందు. దాణా ఒక్కసారిగా పెంచితే మొదటి పొట్టలో ఆమ్లం పెరిగి ఇంకో గొడవ మొదలవుతుంది. అందుకే రెండు రోజులకు అరకిలో చొప్పున పెంచుతూ 2 నుంచి 5 కిలోలకు పన్నెండు రోజుల్లో తీసుకెళ్లాం. ఎండుగడ్డికి కొలత ఎత్తేశాం, ఎంత తింటే అంత. సగటున 7 కిలోల దగ్గర ఆగాయి. మొలకమేత తలా 6 కిలోలకు దించి, చాపని చేత్తో చీల్చి ఎండుగడ్డిలో కలిపి వెయ్యమన్నాను. విడిగా వేస్తే ముందు అదే తిని గడ్డిని ఏరి పారేస్తాయి. నేపియర్ మళ్లీ నాటారు, అది మొదటి కోతకి రావడానికి రెండు నెలలకు పైనే పడుతుంది. అప్పటిదాకా ఈ మేతతో పొడి పదార్థం 11.6 కిలోలు అవుతోంది, చాలు.

మేత గదిలో పని ఎక్కువే పడింది. ట్రేకి కిలోన్నర పోసేది 1.2 కిలోలకు తగ్గించాం, అంటే చదరపు మీటరుకి ఆరున్నర కిలోలు. నానబెట్టే ముందు గింజని నీళ్లలో వేసి తేలినవన్నీ తీసెయ్యడం, 0.1 శాతం సోడియం హైపోక్లోరైట్ నీళ్లలో అరగంట ఉంచి రెండుసార్లు కడగడం, ఆ తర్వాతే నానబెట్టడం. ఖాళీ అయిన ప్రతి ట్రేనీ రుద్ది కడిగి ఎండలో ఆరబెట్టాకే మళ్లీ నింపడం. ఇంతకుముందు నీళ్లతో పైపైన కడిగి వెంటనే గింజ పోసేవాళ్లు. అడుగున రంధ్రాలు సగం పూడుకుపోయి ఉన్నాయి, వాటిని మేకుతో తెరిచాం. అరలన్నీ మట్టంగా ఉన్నాయి, నీళ్లు ఒక మూల నిలవకుండా వెనకవైపు చిన్న కట్టెముక్క పెట్టి వాలు తెచ్చాం. రాత్రిపూట స్ప్రింక్లర్ తడులు తగ్గించి, గదికి ఎదురెదురుగా రెండు వైపులా నెట్ పైకి చుట్టి గాలి ఆడేలా చేశాం.

కిట్ అమ్మినవాళ్లు ఒక పోషక ద్రావణం కూడా అంటగట్టారు, నీళ్లలో కలపడానికి. అది ఆపేయమన్నాను. ఏడు రోజుల మొలకకి గింజలో ఉన్న నిల్వే సరిపోతుంది, మంచి నీళ్లు చాలు. ఆపాక దిగుబడిలో తేడా ఏమీ రాలేదు.

ఇప్పుడు రోజుకు 7 ట్రేలు, 8.4 కిలోల గింజ. అంతకుముందు 24 కిలోలు. ధరలు ఎక్కడి లెక్క అక్కడిది కాబట్టి కిలోల్లోనే చెబుతున్నాను. ఆదా అయిన 15 కిలోల పైచిలుకు గింజని మొలకెత్తించకుండా మరపట్టించి దాణాలో కలిపినా, అందులోని పొడి పదార్థం 12 శాతం గాల్లో కలవకుండా నేరుగా ఆవుకే చేరుతుంది.

ఆరు వారాల తర్వాత

పేడ నాలుగైదు రోజుల్లోనే గట్టిపడింది. ఎస్ఎన్ఎఫ్ మూడో వారంలో పాత స్థాయికి వచ్చింది. పాలు ఆరో వారంలో 86 లీటర్లు. 92కి రాలేదు, వస్తాయని నేను మాటివ్వలేదు కూడా. ఈని నెలలు గడిచేకొద్దీ ఏ ఆవైనా సహజంగానే తగ్గుతుంది. అలాగే 74కి పడిపోవడంలోనూ కొంత వాటా ఆ సహజమైన తగ్గుదలదే. ఎంతని విడదీసి చెప్పాలంటే కొన్ని ఆవుల్ని పాత మేత మీదే ఉంచి పోల్చాలి. బతుకుతెరువు షెడ్డులో ఆ పని చెయ్యమని అడగలేను. ఒళ్లు మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు, అది పాలకంటే నెమ్మది.

వట్టి ఆవులు రెండూ నెలలు నిండాక మామూలుగా ఈనాయి.

పచ్చిగడ్డికి నేల, నీళ్లు ఉన్నవాళ్లు అడిగితే ట్రేల జోలికి వెళ్లొద్దనే చెబుతాను. ఒక కిలో మొలకమేతకి రెండు మూడు లీటర్ల నీళ్లు చాలు, కాబట్టి నేల లేనిచోట, నీటి ఎద్దడి ఉన్నచోట, లేక పచ్చిమేత దొరకని కొన్ని నెలల కోసం అయితే దీనికి సాటి లేదు. దూడలకి, మేకలకి, గుర్రాలకి కొద్దికొద్దిగా ఇచ్చేవాళ్లని నేను ఆపను. ఈ దంపతులు కూడా మానెయ్యలేదు. ఆయనకి మిగిలిన ట్రేలు అమ్మేద్దామని ఉంది. ఆవిడ ఒప్పుకోలేదు. 112 ట్రేల్లో వాడకంలో ఉన్నవి 49. మిగతావాటితో ఆవిడ వంతులు పెట్టారు, వాడిన ప్రతి ట్రే కడిగాక ఒక వారం ఎండలో ఖాళీగా ఉంటుంది.

మొన్న వానల్లో నాలుగు రోజులు ఎండ రాక మూడు ట్రేలకి మళ్లీ బూజు పట్టిందట. నాకు ఫోన్ చెయ్యలేదు. తర్వాత వేరే పని మీద వెళ్లినప్పుడు చెప్పారు. "మీదాకా ఎందుకని, చూసిన రోజే పెంట గుంతలో వేసేశానండీ" అని పుస్తకంలో ఆ తేదీ చూపించారు. పక్కన మూడు సున్నాలు చుట్టి ఉన్నాయి.